పైవాళ్ల బాత్రూం పగలగొట్టే ముందు

ప్రశ్న: మేం విజయవాడ సత్యనారాయణపురంలో 20 ఏళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తులో ఉంటున్నాం. సొంత ఫ్లాటే. మా బాత్రూంని ఆనుకుని ఉన్న పడగ్గది గోడ, దాని పైన సీలింగు మూల రెండేళ్లుగా నెమ్మెక్కుతున్నాయి. రెండుసార్లు గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాం. నాలుగు నెలలు తిరక్కుండానే మళ్లీ ఉబ్బి రాలుతోంది. మొన్న ఆ గోడ మీదున్న స్విచ్ బోర్డు తాకితే చేయి జివ్వుమంది. ఒక మేస్త్రీ వచ్చి చూసి, పైవాళ్ల బాత్రూం మొత్తం పగలగొట్టాలన్నాడు. పై ఫ్లాట్‌లో ఉండే ఆవిడని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచీ ఆవిడ నాతో మాట్లాడటం మానేశారు. తమ బాత్రూంలో చుక్క నీరు కూడా కారడం లేదంటారు. మావారు హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకోసారి వస్తారు. ఆ గదిలో పడుకునే మా అత్తగారికి ఆయాసం. నేనేం చేయాలి? ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపింది స్విచ్ బోర్డు సంగతి. గోడ సంగతి తర్వాత చూద్దాం. ఇది చదువుతూనే లేచి, మెయిన్ బోర్డులో ఆ గదికి వెళ్లే ఎంసీబీలను (లోడు మించితే తమంతట తామే పడే స్విచ్చులు) దించేయండి. లైట్లకి ఒకటి, ప్లగ్గులకి ఒకటి విడిగా ఉండొచ్చు. ఏది ఏ గదిదో తెలియకపోతే అసలు మెయినే దించి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అతను వచ్చి బోర్డు విప్పి, లోపల తడి చూసి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో తేల్చేదాకా ఆ గోడకి కరెంటు వద్దు. తడి చేత్తో, ఉత్తి కాళ్లతో ఆ బోర్డు దగ్గరికి ఎవరూ వెళ్లకూడదు.

ఎంసీబీ పడలేదు కదా, ఏం కాదులే అనుకునే వాళ్లు చాలామంది ఉన్నారు. ఎంసీబీ కాపాడేది తీగల్ని. లోడు మించినప్పుడో, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడో పడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటు దాని లెక్కలోకి రాదు, ఆ కొద్దిపాటి కరెంటే ప్రాణం తీస్తుంది. దాన్ని పట్టుకునేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది ఎప్పుడూ చూసుకుంటూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేసరికి కన్నుమూసి తెరిచేలోగా లైను ఆపేస్తుంది. పాత అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల ఇది ఉండదు. ఎలక్ట్రీషియన్ ఎలాగూ వస్తాడు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్లదే అడిగి పెట్టించుకోండి. దాని మీద టెస్ట్ అని చిన్న మీట ఉంటుంది, నెలకోసారి నొక్కితే పడాలి. పడకపోతే మార్పించాలి.

రెండోది అత్తగారి మంచం. ఆవిడని ఇవాళే వేరే గదిలోకి మార్చండి. నెమ్ము గోడకి పట్టే నల్లటి బూజు గాలిలోకి వదిలే పొడి ఆయాసం ఉన్నవాళ్లకి పడదు. ఆ గోడని చీపురుతో దులపొద్దు, పొడంతా ఇల్లంతా లేస్తుంది. ముక్కుకి మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడవండి, అదీ కరెంటు ఆపిన తర్వాతే. బీరువా, మంచం తలవైపు చెక్క ఆ గోడకి ఆనించి ఉంటే జానెడు దూరం జరపండి. కిటికీ పగలంతా తీసే ఉంచండి.

ఇక గోడ సంగతి. ఆ మేస్త్రీ చెప్పింది నిజమై ఉండొచ్చు, కాకపోనూ వచ్చు. మచ్చ చూసి, పైన బాత్రూం ఉంది కాబట్టి అక్కడిదే అన్నాడు. నీళ్లు కనిపించే చోటు, నీళ్లు పుట్టే చోటు ఒకటి కావడం అరుదు. స్లాబులో కరెంటు తీగల కోసం వేసిన పైపులు ఉంటాయి. ఎక్కడో చుక్క ఆ పైపులోకి దిగిందంటే, దాని వెంటే నడిచి నడిచి ఫ్యాను కొక్కెం దగ్గరో, స్విచ్ బోర్డు పెట్టెలోనో బయటపడుతుంది. మీ స్విచ్ బోర్డు తడవడానికి కారణం అదే కావచ్చు. అందుకే ఎక్కడ తడిసిందో చూసి పలుగు ఎత్తకూడదు. ముందు ఎప్పుడు తడుస్తోందో కనిపెట్టాలి.

ఒక పెన్సిలు తీసుకోండి. సీలింగు మీద, గోడ మీద తడి అంచు వెంబడి గీత గీసి పక్కన తారీఖు వేయండి. ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోండి. మచ్చ పెరుగుతోందా, ఆగిందా, తగ్గుతోందా అన్నది ఇక మీ కళ్ల మీద, మీ జ్ఞాపకం మీద ఆధారపడదు. రేపు పిన్నిగారితో మాట్లాడటానికి, అసోసియేషన్‌లో కూర్చోవడానికి కూడా ఈ గీతే పనికొస్తుంది.

తర్వాత కాస్త వెనక్కి ఆలోచించండి. మే నెలలో, చినుకు లేని రోజుల్లో కూడా గోడ ఇలాగే ఉందా? ఉంటే అది వాన నీరు కాదు. వాన పడిన రెండు మూడు రోజులకి మాత్రమే ఎక్కువవుతుంటే బయటి గోడ పగులో, డక్టులో (పైపులు దిగే సందు) వాన నీటి పైపు జాయింటో చూడాలి. సంక్రాంతికి పైవాళ్లు ఊరెళ్లి ఉంటారు. ఆ వారం పది రోజుల్లో మచ్చ ఆరిందా? ఆరి, వాళ్లు వచ్చాక మళ్లీ తడిస్తే అది వాళ్లు వాడిన నీరు, అంటే బయటికి పోయే పైపుల్లోనో గచ్చులోనో లోపం. వాళ్లు లేకపోయినా తడి అలాగే ఉంటే అది ట్యాంకు నుంచి వచ్చే పైపులో లీకు కావచ్చు, ఎందుకంటే ఆ పైపులో ఇంట్లో మనుషులున్నా లేకపోయినా 24 గంటలూ నీళ్లు నిండి ఉంటాయి. లేదా అది అసలు వాళ్లది కాదు, మీదే.

మీది కూడా కావచ్చన్న మాట కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ మొదట అక్కడే చూడాలి. మీరు రాసినదాంట్లో రెండు మచ్చలున్నాయి, ఒకటి సీలింగు మూల, ఒకటి గోడ. గోడ మచ్చ సీలింగు నుంచి కిందికి దిగుతూ ఉంటే పైదే అనుకోవచ్చు. సీలింగుకీ గోడ మచ్చకీ మధ్య పొడిగా ఉండి, గోడ మీద నడుం ఎత్తునో ఛాతీ ఎత్తునో తడి ఉంటే, మీ బాత్రూంలో షవర్ మిక్సరు, దాని వెనక గోడలో పూడ్చిన ఎల్బో (పైపు వంపు జాయింటు) వైపు చూడండి. తడి నేల దగ్గర మొదలై పైకి పాకుతుంటే మీ బాత్రూం గచ్చో, మీ నహానీ ట్రాపో (నేల మీది నీళ్లు బయటికి పోయే చోట జాలీ కింద ఉండే గిన్నె). సిమెంటు గోడ, ఇటుక గోడ నీటిని కింద నుంచి పైకి పీలుస్తాయి, మీటరు ఎత్తుదాకా ఎక్కించగలవు. ఒకే గోడకి రెండు లీకులు ఉండటం కూడా మామూలే. అప్పుడు పైవాళ్ల బాత్రూం మొత్తం బాగుచేయించినా మీ గోడ సగమే ఆరుతుంది. ఆ తర్వాత వచ్చే గొడవ ఇప్పటికంటే పెద్దది.

మీ ఇంట్లో పరీక్ష సులువు. రాత్రి అందరూ పడుకునే ముందు ఆ బాత్రూంకి నీళ్లొచ్చే గేట్ వాల్వ్ కట్టేయండి. ఎక్కువ అపార్ట్‌మెంట్లలో ఇది డాబా మీద ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర ఉంటుంది. కట్టాక బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి, పైపులో మిగిలిన నీరు పోయాక ధార పూర్తిగా ఆగిపోవాలి. 20 ఏళ్ల గేట్ వాల్వులు చాలావరకు అరిగిపోయి ఉంటాయి, చక్రం తిరుగుతుంది కానీ నీళ్లు ఆగవు. ఆగకపోతే పరీక్ష చెల్లదు. బలంగా తిప్పితే లోపలి కడ్డీ విరిగి అపార్ట్‌మెంట్ మొత్తానికి నీళ్లు ఆపాల్సి వస్తుంది. ప్లంబరుతో దాని బదులు బాల్ వాల్వ్ వేయించండి. మీటని పావు వంతు తిప్పితే చాలు కట్టేస్తుంది, ఎలాగూ ముందు ముందు పనికొస్తుంది. ఇంకో సంగతి, ఒకే నిలువు పైపు కింద నుంచి పై దాకా అన్ని అంతస్తుల బాత్రూంలకి వెళ్తూ ఉండొచ్చు. అలాంటప్పుడు డాబా మీద వాల్వ్ కడితే అందరికీ ఆగుతుంది. ప్లంబరుని అడిగి మీ ఫ్లాటుకి విడిగా ఎక్కడ కట్టొచ్చో చూసుకోండి.

ఒక్క రాత్రితో తేలదు. స్లాబు, గోడ తాగిన నీరు బయటికి రావడానికి రోజులు పడుతుంది. రెండు మూడు రోజులు ఆ బాత్రూం వాడకుండా, వాల్వ్ కట్టి, పెన్సిలు గీత చూడండి. ప్లంబరు దగ్గర ప్రెజర్ టెస్టింగ్ పంపు ఉంటే ఇంకా త్వరగా తేలుతుంది. కుళాయిలన్నీ మూసి, పైపులో ఒత్తిడి ఎక్కించి వదిలేస్తాడు, మీటరు ముల్లు కిందికి పడిందంటే ఆ పైపు ఎక్కడో కారుతోంది. ముల్లు కదల్లేదంటే ట్యాంకు నీటి పైపులో లోపం లేనట్టే, ఇక బయటికి పోయే నీటి వైపు చూడాలి. గోడ పగలగొట్టకుండా తేలే పరీక్ష ఇది. ఈ పంపు ఉన్న ప్లంబరుకి రెండు రూపాయలు ఎక్కువైనా ఇవ్వండి.

మీ వైపు ఏమీ లేదని తేలాకే పిన్నిగారి తలుపు కొట్టండి. వెళ్లేటప్పుడు మేస్త్రీని తీసుకెళ్లొద్దు. మీ వారు వచ్చేదాకా ఆగి ఇద్దరూ కలిసి వెళ్లినా మంచిదే, కానీ పిన్నిగారూ అని పిలిచేది మీరు కాబట్టి మాట మీరే మొదలుపెట్టండి. 'పిన్నిగారూ, మీ బాత్రూం పగలగొట్టించాలని నేను రాలేదు. ముందు మా ఇంట్లో చూసుకున్నాను, మా పైపులో ఏమీ లేదు. రెండు రోజులు మీ బాత్రూం వాల్వ్ కట్టి చూద్దాం, ఆ రెండు రోజులూ మీకు కావాల్సిన నీళ్లు నేను పంపిస్తాను' అనండి. ఆవిడ చుక్క నీరు కూడా కారడం లేదన్నారంటే అబద్ధం చెబుతున్నారని అర్థం కాదు. పై బాత్రూం వాళ్లకి పొడిగానే కనిపిస్తుంది. చాలా బాత్రూంలలో గచ్చు కింద అడుగు లోతున స్లాబు దించి, దాన్ని ఇటుక ముక్కలతో నింపి ఉంటారు. నీరు ఆ నింపుడులో చేరి నిలబడి, తర్వాత నెమ్మదిగా కిందికి దిగుతుంది. పైన నిలబడిన మనిషికి అదేమీ కనబడదు. ఈ సంగతి ఆవిడకి చెప్పండి, ఆవిడ మాట తప్పని మీరు అనడం లేదని అర్థమవుతుంది.

పైన కూడా అదే వరసలో చూడాలి. వాల్వ్ కట్టి రెండు రోజుల్లో మచ్చ తగ్గితే పైపు. అయితే ఒక చిక్కు ఉంది. ఫ్లష్ ట్యాంకు లోపలి రబ్బరు పాడైతే చప్పుడు లేకుండా సన్నగా కమోడ్‌లోకి నీళ్లు కారుతూనే ఉంటాయి. అప్పుడు బయటికి పోయే పైపు జాయింటు కూడా 24 గంటలూ తడుస్తుంది, వాల్వ్ కడితే అది కూడా ఆగుతుంది. పైపు లీకు అని పొరబడి గోడ పగలగొట్టిస్తారు. అందుకే ముందు ఫ్లష్ ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి, అరగంట ఎవరూ వాడకుండా ఉండి కమోడ్‌లోకి చూడండి. రంగు నీళ్లు కనిపిస్తే రబ్బరు మార్పిస్తే సరి, తక్కువలో అయిపోయే పని.

పైపు కాదని తేలితే గచ్చు. బాత్రూం నేలంతా ఒక్కసారి నింపి చూడకుండా, చోటు చోటుగా వెళ్లండి. ఒక రోజు వాష్ బేసిన్ మాత్రమే వాడమనండి. రెండు మూడు రోజులు గీత చూశాక నహానీ ట్రాప్‌లోకి నేరుగా ఒక పైపుతో పది పదిహేను బకెట్ల నీళ్లు పోయండి, నేల తడవకూడదు. మళ్లీ అలాగే ఆగి, ఈసారి ట్రాప్‌ని పాలిథిన్‌లో చుట్టిన గుడ్డతో గట్టిగా మూసి, గడప దాటకుండా నేల మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి 24 గంటలు వదలండి. గోడ మీద నీటి మట్టం గుర్తు పెట్టండి. ఏ పరీక్ష తర్వాత కింద తడి పెరిగిందో అక్కడే లోపం. నిలబెట్టిన నీళ్లలో మిఠాయి రంగు కలిపితే, అదే రంగు కింద దిగితే ఇక వాదన లేదు. దిగకపోతే మాత్రం లోపం లేదని తేల్చేయొద్దు, నింపుడు మట్టి రంగుని పట్టేసుకుంటుంది, నీరు మాత్రం తెల్లగా దిగుతుంది. ఈ పరీక్షల రోజుల్లో కింద మీ గదికి కరెంటు ఆపే ఉంచండి.

నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న జాయింటు దగ్గర లోపం తేలితే, దాని చుట్టూ అడుగు వెడల్పున పగలగొట్టి బాగుచేస్తే పని అయిపోతుంది. బాత్రూం మొత్తం తీయాల్సిన పని లేదు. లోపం అక్కడే ఉంటే పిన్నిగారికి కూడా ఎంత ఉపశమనమో చూడండి. పలక జాయింట్లు అరిగిపోయి ఉంటే వాటిని గీకి ఎపాక్సీ గ్రౌట్‌తో నింపించి, మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడొచ్చు. నేలంతా కారుతోందని తేలినప్పుడే పలకలు తీసి, నింపుడు తీసి, స్లాబు దాకా వెళ్లాలి. అలా వెళ్తే మాత్రం సగం పని చేయించొద్దు. వాటర్‌ప్రూఫింగ్ పూత రెండుసార్లు, గోడ మీద కూడా అడుగు ఎత్తుదాకా, షవర్ వైపు ఇంకా పైకి పూయాలి. మూలలు గుండ్రంగా సిమెంటుతో నింపాకే పూత వేయాలి. పలకలు పరచకముందే 24 గంటలు నీళ్లు నిలబెట్టి కింద చూడాలి. ఈ పరీక్ష అయ్యాకే మేస్త్రీకి మిగతా డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి. పలకలు వేశాక చూస్తే తప్పు ఎక్కడిదో ఎవరికీ తెలియదు.

పైపే లోపమైతే, మీ అపార్ట్‌మెంట్ వయసుని బట్టి అది జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు కావచ్చు. లోపల తుప్పు పట్టి ఒకచోట చిల్లు పడిందంటే మిగతాచోట కూడా పలచబడే ఉంటుంది. ఎం-సీల్ పెట్టి పూడిస్తే కొద్ది రోజుల్లో పక్కన కారుతుంది. గోడలో ఉన్న పాత పైపుని అలాగే వదిలేసి, డక్టులోంచి బయట వైపు కొత్త సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు లైను లాగించడం మేలు. గోడ పగలగొట్టడం తక్కువ, రేపు ఏమైనా అయితే పైపు కళ్లెదురుగానే ఉంటుంది. గీజరు వేడి నీటికి సీపీవీసీ తప్ప మామూలు పీవీసీ వాడనివ్వొద్దు, వేడికి మెత్తబడి జాయింటు ఊడుతుంది.

ఇక ఖర్చు. చాలా అసోసియేషన్లు పాటించే పద్ధతి ఇది: ఫ్లాటు లోపల ఉండే పైపు, గచ్చు ఆ ఫ్లాటు వాళ్లవి. డక్టులో దిగే నిలువు పైపులు, బయటి గోడలు, డాబా అందరివీ, కాబట్టి అసోసియేషన్ ఖాతా నుంచి పెట్టాలి. పైవాళ్ల గచ్చు అని తేలితే అది వాళ్ల బాధ్యతే. అయినా నా మాట వింటారా, మీ గదికి రంగు, పుట్టీ ఖర్చు మీరే పెట్టుకుంటామని ముందే చెప్పండి. ఆవిడ పెన్షను మీద బతికే మనిషైతే బాత్రూం ఖర్చులో కొంత మీరు భరించినా నష్టం లేదు. రెండేళ్లుగా పెయింటుకి పోసిన డబ్బు లెక్క వేసుకోండి, ఇంకో రెండేళ్లు గొడవ పడితే పోయే డబ్బు కూడా వేసుకోండి. ఎంతో కొంత కలిపి పెట్టుకోవడమే చవక.

ఆవిడ వాల్వ్ కూడా కట్టనివ్వనంటే, అసోసియేషన్ కార్యదర్శికి తారీఖులు వేసిన ఫొటోలతో రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడా తేలకపోతే న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కి వెళ్లొచ్చు, కేసు వేయకముందే రాజీకి పిలిపిస్తారు, కోర్టు ఫీజు ఉండదు. అది ఆఖరి మెట్టు. కొత్త అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పాఠకులకి ఒక మాట: 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాటు అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం బయటపడి బిల్డరుకి తెలియజేస్తే, అతను 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. ఫోనులో చెప్పి ఊరుకోకుండా రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి. మీ భవనానికి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

లీకు ఆగాక రంగుకి తొందరపడొద్దు. మీ రెండు పెయింట్లూ పాడవడానికి కారణం ఇదే: తడి లోపలే ఉండగా పైన మూసేశారు. ఇంటి లోపల వైపు ఏ డ్యాంప్ ప్రూఫ్ పూత వేసినా వెనక నుంచి వచ్చే నీరు దాన్ని నెట్టేస్తుంది, లేదా పక్కకి వెళ్లి ఇంకో చోట లేస్తుంది. ఉబ్బిన ప్లాస్టరు గట్టి భాగం దాకా తీయించండి. తెల్లగా పూసిన ఉప్పుని పొడి బ్రష్షుతో రుద్దాలి, నీళ్లతో కడిగితే అది మళ్లీ గోడలోకే వెళ్తుంది. తర్వాత ఫ్యాను గాలికి వారాల పాటు ఆరనివ్వండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి కదా, అలా నీరు తాగిన గోడ పైకి పొడిగా కనిపించినా లోపల చాలాకాలం తడిగానే ఉంటుంది. ఆరిందో లేదో తెలుసుకోవడానికి జానెడు పాలిథిన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అతికించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు చెమ్మ పడితే ఇంకా ఆగాలి. బయటి వైపు పడితే అది గది గాలిలోని తేమ, గోడది కాదు.

సీలింగు మూలని ఒకసారి మేస్త్రీతో కర్ర పిడితో తట్టించండి. డొల్ల చప్పుడు వస్తున్నా, తుప్పు రంగు మరకలు తిన్నటి గీతల్లా కనిపిస్తున్నా లోపల ఇనప చువ్వలు తుప్పు పడుతున్నాయన్నమాట. ఇనుము తుప్పుగా మారితే దాని పరిమాణం రెండింతలకి పైగా పెరిగి కాంక్రీటుని పగలదీసి పెచ్చులుగా రాలుస్తుంది. అప్పుడు అది రంగు పని కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాల్సిన పని. ఈ ఒక్క సంగతిలో ఆలస్యం చేయొద్దు, దాని కింద ఎవరినీ పడుకోనివ్వొద్దు.

ముందు జాగ్రత్తల్లో అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది బాత్రూం యాసిడ్ గురించి. మన ఇళ్లలో పలకలు మెరవాలని వారానికోసారి యాసిడ్ పోసి రుద్దడం అలవాటు. ఆ యాసిడ్ సిమెంటుని తింటుంది. పలకల మధ్య నింపిన తెల్ల సిమెంటు కొద్దికొద్దిగా కరిగి, పైకి మెరుస్తూ, జాయింట్లలోంచి నీరు కిందికి దిగుతుంది. 20 ఏళ్లు ఇలా కడిగిన బాత్రూం కారకపోతేనే ఆశ్చర్యపోవాలి. మామూలు సబ్బు పొడి, బ్రష్షు చాలు. మన బోరు నీళ్ల ఉప్పు మరకలకి వెనిగర్ గుడ్డతో కుళాయిలు తుడుచుకోండి, జాయింట్ల మీద మాత్రం పోయొద్దు. యాసిడ్‌నీ బ్లీచింగ్ పౌడర్‌నీ ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుట్టి, మూసిన బాత్రూంలో ఊపిరాడకుండా చేస్తుంది. అత్తగారికి ఆయాసం ఉన్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

డాబా సంగతి అసోసియేషన్‌కి చెప్పండి. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు తుపాన్ల ముందు ఒకసారి డాబా తూములు శుభ్రం చేయించాలి. ఆకులు, పావురాల రెట్ట అడ్డుపడి నీరు నిలిస్తే ఆ నీరు వెతుక్కునే దారి పై అంతస్తు సీలింగే. రోజూ పొద్దున మోటారు ఆపడం మరిచి ట్యాంకు పొంగితే, పిట్టగోడ మొదలు దగ్గర ప్రతిరోజూ ఒక చిన్న వాన పడినట్టే. ట్యాంకులో నీరు నిండగానే మోటారు తనంతట తానే ఆగిపోయే పరికరం పెట్టిస్తే నీళ్లూ కరెంటూ మిగులుతాయి. డక్టులో, పైపు జాయింట్ల దగ్గర మొలిచిన రావి మొక్కల్ని వేళ్లతో సహా తీయించండి. రావి మొక్కని కొట్టడానికి మనసొప్పని వాళ్లుంటే, చిన్నగా ఉన్నప్పుడే తీసి ఏ గుడి ఆవరణలోనో నాటించొచ్చు. పెద్దదయ్యాక వేరు పైపుని చీల్చేస్తుంది, అప్పుడు చెట్టూ బతకదు.

గదిలో ఏసీ ఉంటే దాని నీటి పైపు కూడా చూడండి. ఎండాకాలంలో ఆ సన్నటి పైపు బూజుతో పూడుకుపోయి, నీరు వెనక గోడలోకి దిగడం చాలా ఇళ్లలో జరుగుతుంది. మచ్చ ఏసీ కింద మొదలై, వేసవిలోనే ఎక్కువైతే పైవాళ్లని అడిగే ముందు ఏసీ సర్వీసు అతన్ని పిలవండి.

ఊరెళ్లేటప్పుడు గ్యాసు కట్టినట్టే నీళ్ల వాల్వులు కూడా కట్టి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఇంట్లో ఎవరూ లేని వారం రోజుల్లో గీజరు కనెక్షను పైపు ఊడితే, తలుపు తీసేసరికి కింది ఇళ్లు కూడా తడుస్తాయి. ఆ అల్లిక పైపు, యాంగిల్ కాకు (ఆ పైపు మొదట్లో గోడకి ఉండే చిన్న కుళాయి) దగ్గర తుప్పు మరక కనిపిస్తే అప్పుడే మార్పించండి. కారే కుళాయిని వదిలేయొద్దు. దాని కింద లీటరు సీసా పెట్టి చూడండి. 20 నిమిషాల్లో నిండితే రోజుకి 72 లీటర్లు, నెలకి 2,000 లీటర్లకి పైనే. అపార్ట్‌మెంట్‌లో ఆ నీళ్లు తోడటానికి పోయే కరెంటు బిల్లు అందరి మీదా పడుతుంది.

మీ ఇంటి వాల్వ్ కట్టిన మూడో రోజున పెన్సిలు గీత ఎటు జరిగిందో, గోడ మచ్చ సీలింగు నుంచి దిగుతోందో విడిగా ఉందో నాకు రాయండి. సీలింగు మీద తుప్పు మరకలు ఉన్నాయేమో కూడా రాయండి. ఈలోగా ఎవరు ఎంత చెప్పినా పైన గానీ కింద గానీ ఒక్క పలక కూడా తీయనివ్వొద్దు.